తిరుగుడు శాలువా

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే అలాంటిలాంటి పెద్దది కాదు, ఈ చివర నెమలి ఈక రాలిందన్న కబురు ఆ చివరికి చేరేసరికి ఆ నెమలికి మనవలు పుట్టేసేంత పెద్ద అడవిలో, కుందేళ్ళ వాడ ఒకటి ఉండేది.

ఇవి పొదల వెంట పరిగెత్తే కుందేళ్ళు కావు. వరసగా కట్టిన చెక్కగూళ్ళలో ఉంటూ, వేళకు గడ్డి తింటూ, వేళకు బొచ్చు రాల్చే కుందేళ్ళు. ఆ రాలిన బొచ్చుతో మృగరాజుగారికి పరుపు కుట్టేవాళ్ళు. ఎంత మెత్తటి పరుపనుకున్నారు! ఒకసారి రాజుగారు అందులో దిగబడిపోతే రెండు ఏనుగులు తొండాలు వేసి లాగితే గానీ పైకి రాలేదు. వచ్చాక కూడా ఆయన గురక పరుపులోనే ఉండిపోయింది. దాన్ని మర్నాడు విడిగా తీశారు.

రాజుగారికి నిద్ర పడితే అడవి బాగుండేది. పట్టకపోతే ఎవరో ఒకరి పదవి ఊడేది. అందుకని ఆ కుందేళ్ళ మంచిచెడ్డలు చూడడానికి కుందేళ్ళ సంక్షేమ మండలి అని ఒకటి పెట్టారు. అందులో కుందేలు తప్ప అన్ని జంతువులూ ఉండేవి. అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకేశ్వరరావు.

భల్లూకేశ్వరరావుగారు చెడ్డవాడని అనడానికి నోరు రాదు. తేనె తప్ప ఇంకేదీ దొంగిలించి ఎరగడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే. చప్పట్లు. గాలికి ఎండుటాకులు గలగలమన్నా ఆగి, అటు తిరిగి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టేవాడు.

కుందేళ్ళకు ఒక అలవాటుంది. ప్రమాదం వాసన తగిలితే వెనకకాలితో నేలను దబదబా కొడతాయి. ఒకటి కొడితే చాలు, ఎందుకో ఏమిటో అడక్కుండా వాడంతా కొడుతుంది. భల్లూకేశ్వరరావుగారు మొదటిసారి ఆ వాడలో కాలు పెట్టినప్పుడు, అంత పెద్ద నల్లటి ఆకారాన్ని చూసి కుందేళ్ళన్నీ ఒక్కసారిగా నేల అదిరేటట్టు కొట్టాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఎంత ప్రేమ! ఎంత ప్రేమ!" అన్నాడు. అప్పటినుంచీ అవి చప్పట్లేనని ఆయన నమ్మకం. కాదని చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఆ వాడలో వాగు పక్కనున్న చివరి గూట్లో తెల్లాయమ్మ కాపురం ఉండేది. మొగుడి పేరు చెంగయ్య. వాళ్ళకు అప్పుడే పిల్లలు పుట్టారు. ఇంకా కళ్ళు తెరవలేదు, ఒంటిమీద బొచ్చు రాలేదు, పట్టుకుంటే జారిపోయేటంత పసిగుడ్లు. తెల్లాయమ్మ తన పొట్టమీది బొచ్చు తనే పీక్కుని వాళ్ళకు పక్క వేసింది.

"ఏమే, ఆ బొచ్చు రాజుగారి పరుపుకి ఇవ్వాలని రూలు కదా?" అని భయపడ్డాడు చెంగయ్య.

"రాజుగారు కళ్ళు తెరిచి చాన్నాళ్ళయింది. ఆయన్ని చాప మీద పడుకోమను."

తెల్లాయమ్మ అలాంటిది.

అంతకు ముందటి ఏడు ఆ వాడకు ఎర్రముక్కు జబ్బు వచ్చింది. సోకిన కుందేలు ముక్కు ఎర్రబడేది, ఒళ్ళు పెనంలా కాలేది, మూల చేరి ముడుచుకునేది. కొన్ని లేచేవి. కొన్ని లేచేవి కావు. పాలు తాగే పిల్లల జోలికి మాత్రం ఆ జబ్బు పోయేది కాదు. అదొక్కటే దాని మంచితనం.

అప్పుడు ముళ్ళపంది డాక్టర్ శూలపాణి టీకా కనిపెట్టాడు. సూదులకు ఆయన ఎవర్నీ అడగక్కర్లేదు. వెనక్కి తిరిగి ఒక్కసారి ఒళ్ళు విదిలిస్తే వరస వరసంతా టీకా పడిపోయేది. వరస వెనకున్న చింతచెట్లకు కూడా పడింది. ఆ చింతచెట్లకు ఇప్పటికీ ఏ తెగులూ రాలేదు, కావాలంటే వెళ్ళి చూసుకోవచ్చు.

జబ్బు తగ్గింది. మండలి కూర్చుని, "ఎర్రముక్కు జబ్బు ఇకమీదట ఈ అడవిలో ఉండరాదు" అని ఏకగ్రీవంగా తీర్మానించింది. డాక్టర్ శూలపాణికి 'రోగాంతక' బిరుదు ఇచ్చారు. అధ్యక్షులవారి ఉపన్యాసం ఎంత సుదీర్ఘంగా సాగిందంటే, మొదలుపెట్టినప్పుడు పూత మీదున్న మామిడిచెట్టు ముగించేసరికి కాపు దిగింది.

ఆ సభలోనే శాలువా పుట్టింది.

ఆలోచన కార్యదర్శిది. కార్యదర్శి పునుగుపిల్లి పరిమళరావు. ఆయన రాకముందే ఆయన వాసన వచ్చేది, ఆయన వెళ్ళాక కూడా అది కూర్చునే ఉండేది. "అయ్యా," అన్నాడు పరిమళరావు, "జబ్బు పోయిందని మనం చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? వారానికో గూటిని ఎంచుకుని, జబ్బు లేని గూడు అని శాలువా కప్పుదాం. రాజుగారి చెవిన పడుతుంది."

"భేష్! ఎన్ని శాలువాలు కావాలి?"

"ఒక్కటి చాలండి. ఈ వారం ఒక గూటికి కప్పుతాం. వారమంతా ఆ గూటి తలుపుకు వేలాడుతుంది. మళ్ళీ వారం తీసి పక్క గూటికి కప్పుతాం."

సభలూ సన్మానాలూ ఎరిగిన జంతువులు కాబట్టి ఇందులో ఎవరికీ వింత కనపడలేదు.

తెల్లని కుందేలు బొచ్చుతో శాలువా నేశారు. దాన్ని ఉతకరాదని నియమం. ఉతికితే అందులోని గౌరవం పోతుందని పరిమళరావు చెప్పాడు. మాసినప్పుడల్లా తన అత్తరు కాస్త రాసేవాడు. సన్మానం జరిగినప్పుడు వడ్రంగిపిట్ట వచ్చి ఆ బొమ్మ మానుమీద చెక్కేది. చెక్కడం అయ్యేదాకా శాలువా కప్పుకుని కదలకుండా, నవ్వుతూ నిలబడాలి. కదిలితే బొమ్మలో ముక్కు చెవి దగ్గరికి పోయేది.

శాలువా కోసం వాడంతా వెర్రెత్తిపోయింది. చెంగయ్య అయితే గూటి ముందు రోజూ ఊడ్చేవాడు, మండలివాళ్ళు అటుగా వెళితే పళ్ళన్నీ కనపడేలా నవ్వేవాడు. ఉన్న పళ్ళు ముందువే కాబట్టి అవి బాగానే కనపడేవి.

అలా శాలువా వాడలో తిరుగుతూ ఉండగా, ఒక విచిత్రం జరిగింది. శాలువా కప్పిన గూళ్ళలో కుందేళ్ళు మూల చేరి ముడుచుకోవడం మొదలుపెట్టాయి.

"జబ్బు తిరిగొచ్చిందా ఏమిటి?" అని భల్లూకేశ్వరరావు కంగారుపడ్డాడు.

"ముక్కు ఎర్రగా ఉందా అండి?" అని అడిగాడు పరిమళరావు.

"లేదు."

"మరి ఎర్రముక్కు జబ్బు ఎలా అవుతుంది? పైగా అది ఉండకూడదని మనం తీర్మానించాం కదా."

"మరి వాళ్ళెందుకు ముడుచుకుంటున్నారు?"

"ఆనందం, అయ్యా. చిన్న ప్రాణాలు. అంత గౌరవం తట్టుకోలేకపోతున్నాయి."

అధ్యక్షులవారి గుండె మళ్ళీ ఉప్పొంగింది. "పాపం, ఎంత సున్నితమైన మనసులు!" అన్నాడు. కుందేళ్ళు సంతోషం ఎక్కువై నీరసపడుతున్నాయని మండలి ప్రకటన చేసింది. సంతోషం తగ్గించుకోవడానికి రోజూ కాసేపు దిగులుపడమని సలహా కూడా ఇచ్చింది.

శాలువా అలా జరుగుతూ జరుగుతూ తెల్లాయమ్మ పక్క గూటికి వచ్చింది. ఆ గూట్లో గరికమ్మ ఉండేది. ఇద్దరూ వదినా వదినా అనుకుంటూ మధ్యనున్న కమ్మీల సందులోంచి కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

"చూశావా వదినా!" అంది గరికమ్మ, శాలువా చెంగు కమ్మీల దగ్గరికి తెచ్చి. "పట్టుకుని చూడు. మేఘాన్ని కోసి కప్పినట్టు లేదూ?"

తెల్లాయమ్మ ముక్కు కదిలించింది. పైన అత్తరు. దాని కింద ఇంకేదో. వాడ మొత్తం మీదున్న గూళ్ళన్నిటి వాసనా ఆ బట్టలోనే ఉంది. ఆ మొదట్లోని బూరయ్య బాబాయి గూడు, ఆ పక్కన ఇప్పుడు ఖాళీగా ఉన్న గూడు, అన్నీ.

"దూరంగా పెట్టు వదినా, నా పిల్లలకు ఆ అత్తరు పడదు."

"కుళ్ళు," అంది గరికమ్మ ముద్దుగా. "నీ వంతు వస్తుందిలే. మా పిల్లలు రాత్రిళ్ళు దాని మీదే పడుకుంటున్నారు. రాజుగారికైనా ఉందా అలాంటి పక్క?"

వారం తిరగకముందే గరికమ్మ మూల చేరింది. ఒళ్ళు కాలింది, నీళ్ళు ముట్టలేదు. ఆమెది గట్టి ప్రాణం, ఎలాగో లేచి కూర్చుంది. కానీ పిల్లలు లేవలేదు. పాలు తాగే పిల్లలు. ఆ జబ్బు ముట్టదనుకున్న పిల్లలు.

గరికమ్మ కమ్మీల దగ్గరకొచ్చి కూర్చుంది. తెల్లాయమ్మ ఇటువైపు నుంచి ఒక లేతగడ్డి పరక తోసింది. గరికమ్మ దాన్ని నోట పెట్టుకుని నమలడం మరిచిపోయింది.

మండలి నుంచి పరిమళరావు వచ్చి, అలవాటు ప్రకారం శాలువా తలుపు మీంచి తీసి, కాస్త అత్తరు రాసి, మడతపెట్టి పట్టుకెళ్ళాడు.

ఆ పూటే తెల్లాయమ్మ డాక్టర్ శూలపాణి దగ్గరికి వెళ్ళింది. ఆయన తన పుట్ట ముందు బిరుదు పలకను తుడుచుకుంటున్నాడు.

"డాక్టరుగారూ, పిల్లలకు రాదన్నారు కదా?"

డాక్టరు అటూ ఇటూ చూశాడు. ముళ్ళన్నీ ఒకసారి లేచి పడుకున్నాయి.

"నెమ్మదిగా మాట్లాడమ్మా. పాత జబ్బు పిల్లల జోలికి రాదు. ఇది పాతది కాదు. దాని తమ్ముడనుకో. వేషం మార్చుకుని వచ్చింది. నా టీకా పాత ముఖాన్నే గుర్తుపడుతుంది. ఇది ఎదురుగా వచ్చి నిలబడ్డా 'ఎవరండీ మీరు, రండి కూర్చోండి' అంటుంది."

"అయితే కొత్త టీకా చెయ్యండి."

"చెయ్యగలను. నాలాంటి వాడు ఈ అడవిలోనే కాదు, పక్క అడవిలో కూడా లేడు. కానీ చెయ్యాలంటే ముందు జబ్బు ఉందని చెప్పాలి. ఉందంటే తీర్మానం అబద్ధం. తీర్మానం అబద్ధమైతే ఈ పలక..." అని బిరుదు పలకను గుండెకు హత్తుకున్నాడు. గుండె దగ్గర ముళ్ళు లేవు కాబట్టి సరిపోయింది.

"మరి ఆ శాలువా? గూటి గూటికీ అదే మోస్తోంది కదా?"

"బొచ్చులోనే దాక్కుంటుందమ్మా అది. వారాల తరబడి కూర్చుంటుంది. ఉతికి, సున్నపునీళ్ళలో ముంచి, గూళ్ళకు సున్నం కొట్టి, పాతగడ్డి తగలబెట్టి, ఎవరి గూట్లో వాళ్ళుంటే నా టీకా తయారయ్యేదాకా ఆగుతుంది. ఈ మాట నేను అన్నానని మాత్రం అనకు."

"మీరెందుకంటారు? మీరు రోగాంతకులు కదా," అని తెల్లాయమ్మ గూటికి తిరిగొచ్చింది.

వచ్చేసరికి చెంగయ్య గాల్లో ఉన్నాడు. నిజంగానే. ఆనందం పట్టలేక ఎగిరిన ఎగురుడికి గూటి పైచెక్క తల తగిలి ఊడింది, ఆ చెక్క వెళ్ళి వాగు అవతల పడింది.

"మనకే! శాలువా మనకే వచ్చింది! పరిమళరావుగారు స్వయంగా వచ్చి చెప్పారు. అంతేనా, మన పిల్లలందర్నీ దాన్లో చుట్టి అధ్యక్షులవారు ఎత్తుకుంటారట! బొమ్మ చెక్కించి రాజుగారికి పంపుతారట. పసిపిల్లలకు జబ్బు లేదంటే అడవికే లేనట్టు కదా!"

తెల్లాయమ్మ పిల్లల పక్కకు వెళ్ళి పడుకుంది. ఒక్కొక్కటీ తడుముతూ పొట్టకింద చేరింది. అందరిలోకీ చిన్నది ఇంకా సరిగ్గా పాలు పట్టుకోవడం కూడా రానిది.

"వద్దని చెప్పిరా," అంది.

"వద్దనడమా? సన్మానం వద్దంటే ఏమవుతుందో తెలుసా? జబ్బు ఉందనే కదా వద్దన్నారని, గూడు ఖాళీ చేయించి కంచె అవతల వదిలేస్తారు. కంచె అవతల తోడేళ్ళుంటాయి, నీ చుట్టాలు కాదు."

"గరికమ్మ పిల్లల్ని చూశావు కదయ్యా."

చెంగయ్య చెవులు వాలిపోయాయి. "చూశాను," అన్నాడు. "కానీ తెల్లాయీ, నా జన్మలో నాకెవరూ ఏదీ కప్పలేదే."

అతని మీద కోపం తెచ్చుకుందామనుకుంది కానీ రాలేదు. రాకపోగా ఏదో తట్టింది. ఒక జీవికి ఏదన్నా కప్పితే అది ఎంత దూరమైనా పోతుందన్న సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు.

సన్మానం రోజు వాడంతా చివరి గూటి ముందు చేరింది. గోరింక వ్యాఖ్యాత. "అడుగో, అడుగడుగో, అడవికే అండ, కుందేళ్ళ గుండె..." అని అది మొదలుపెట్టి ఆపకపోతే పరిమళరావు దగ్గి ఆపించాడు. భల్లూకేశ్వరరావు వచ్చాడు. నేల కాస్త వంగింది. వెనక పరిమళరావు పళ్ళెంలో శాలువా పట్టుకుని నిలబడ్డాడు. వడ్రంగిపిట్ట ముక్కు నూరుకుంది.

తెల్లాయమ్మ పిల్లల్ని గూటి లోపలి గదిలో పెట్టి, తలుపుకు తనే అడ్డంగా కూర్చుంది.

"పిల్లలేరమ్మా?" అని వంగి ఆమె తల మీంచి లోపలికి తొంగి చూశాడు భల్లూకేశ్వరరావు. "ఈ పసిముఖాల్లో నేను అడవి భవిష్యత్తును చూస్తున్నాను. వాళ్ళేమిటి నన్ను చూడడం లేదు?"

"కళ్ళు తెరవలేదండి."

"ఇంత సన్మానానికైనా తెరవరా?"

"బయటికి తీసుకురామ్మా, ఆలస్యమవుతోంది," అన్నాడు పరిమళరావు, శాలువా విప్పుతూ. అత్తరు వాసన గుప్పుమంది. తెల్లాయమ్మ వీపు మీది బొచ్చంతా నిక్కబొడుచుకుంది.

"తెస్తానండి. ముందు రెండు ముక్కలు మాట్లాడతాను."

"గృహిణి మాట్లాడడం కార్యక్రమంలో లేదు."

"దేని గురించమ్మా మాట్లాడేది?" అని అడిగాడు భల్లూకేశ్వరరావు.

"తమరి గురించేనండి."

"పరిమళరావ్, కార్యక్రమంలో ఉంది."

తెల్లాయమ్మ లేచి నిలబడింది. గొంతు వణికింది. అందరూ అది భక్తి అనుకున్నారు.

"ఈ శాలువా ఇన్ని గూళ్ళకు కప్పారు. బూరయ్య బాబాయికి కప్పారు, మా గరికమ్మ వదినకు కప్పారు. అందరికీ కప్పిన ఆ చేతులకు ఏనాడైనా ఎవరైనా ఏమైనా కప్పారా? ఆ భుజాలు చూడండి. ఇంత అడవిని మోసే భుజాలు, ఎండకు ఎండి వానకు తడిసి, బోసిగా ఉన్నాయి! మా పిల్లలు ఎంతండీ, గుప్పెడు మాంసం ముద్దలు. వాళ్ళకు ఈ శాలువా కప్పితే శాలువాకే అవమానం."

భల్లూకేశ్వరరావు తన భుజాల వంక చూసుకున్నాడు. అవి అంత బోసిగా ఉన్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

"అబ్బే, నాకెందుకమ్మా..." అన్నాడు. ఆ 'ఎందుకు' ఎంత బలహీనంగా వచ్చిందంటే, దారిలోనే రెండుసార్లు కూర్చుంది.

అప్పుడు తెల్లాయమ్మ తన వెనకకాలు ఎత్తి నేలను కొట్టింది. దబ్. గుండెల్లో ఉన్న భయమంతా ఆ కాల్లోకి దించి కొట్టింది. దబ్, దబ్. పక్కనే గరికమ్మ అందుకుంది. ఆ పక్క గూడు, ఆ పై గూడు. మరుక్షణం వాడంతా కొట్టింది. ఆ దెబ్బకు వాగులో చేపలు గట్టెక్కి ఏం జరిగిందని అడిగాయి. కొండ మీది గుహలో రాజుగారు పరుపులోంచి ఒక జానెడు పైకి లేచి, మళ్ళీ పడ్డారు.

పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద చప్పట్లు భల్లూకేశ్వరరావు వినలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారకట్టాయి.

"పరిమళరావ్," అన్నాడు గద్గదంగా, "ప్రజలు కోరుతున్నారయ్యా."

"అయ్యా, రాజుగారికి పిల్లల బొమ్మ పంపుతామని..."

"నా బొమ్మ పంపు."

పరిమళరావు నోరు మూసుకుని శాలువా కప్పాడు. భల్లూకేశ్వరరావు మెడ చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడేసుకున్నాడు. ఇక అది విప్పినా రాదు.

అయితే శాలువా ఇంకా తలుపు ముందే ఉంది. ఆయన ఇంకో అడుగు వేస్తే లోపలికే వస్తాడు. తెల్లాయమ్మ మొగుడి వైపు చూసింది. చెంగయ్య ఓ పక్కగా నిలబడి, చెయ్యిజారిపోయిన శాలువాను చూస్తూ ముక్కు ఎగబీలుస్తున్నాడు. చెంగయ్యకు ఒక గుణముంది. ఎవరైనా ఒకటంటే తను రెండనాలి.

"ఇంతటివారు మా మురికి గూళ్ళ మధ్య నిలబడడమేమిటి?" అంది తెల్లాయమ్మ. "అక్కడ ఆ దిబ్బ మీదైనా కూర్చోబెట్టాలి."

"దిబ్బా?" అని చెంగయ్య గభాల్న ముందుకొచ్చాడు. "దిబ్బేమిటే, బుద్ధిలేకుండా! వాగు అవతల పెద్ద రాతిగుండు లేదూ? దాని మీద కూర్చోబెట్టాలి! రోజూ పొద్దున్నే లేచి ఇటునుంచి దర్శనం చేసుకోవాలి! దగ్గరికి వెళ్ళే అర్హత మనకెక్కడిది?"

దబదబదబ. వాడంతా కొట్టింది.

భల్లూకేశ్వరరావు ఊరేగింపుగా వాగు దాటి గుండెక్కి కూర్చున్నాడు. ఆ వెనకే గంతులేసుకుంటూ వెళ్ళబోయిన డాక్టర్ శూలపాణిని తెల్లాయమ్మ ఆపింది.

"డాక్టరుగారూ, ఆ రోజు నాతో అన్నవన్నీ ఇప్పుడు చేయించండి."

"ఎలాగమ్మా? జబ్బు పేరెత్తితే..."

"జబ్బు పేరెవరెత్తమన్నారు? ఆయన పేరెత్తండి."

శూలపాణి ఒక్క క్షణం ఆలోచించాడు. ముళ్ళన్నీ విప్పారాయి. మర్నాడు మండలి నుంచి ఆజ్ఞలు వెలువడ్డాయి. అధ్యక్షులవారి గౌరవార్థం ప్రతి గూటికీ తెల్లగా సున్నం కొట్టవలెను. పాతగడ్డి అంతా కుప్పవేసి ఆయనకు మంటహారతి ఇవ్వవలెను. ఆయన నామం జపిస్తూ ఎవరి గూట్లో వారు కదలక కూర్చొనవలెను. ఒకరి గూటికొకరు పోయినచో జపభంగమగును. కొత్తగా తయారగుచున్న టీకాకు భల్లూకటీకా అని పేరు.

భల్లూకేశ్వరరావు అన్నిటికీ పంజా వేసేశాడు. ఆ చివరి ఆజ్ఞకు రెండుసార్లు వేశాడు.

తెల్లాయమ్మకు మాత్రం కుదురు లేదు. శాలువా తలుపు దాకా వచ్చింది. గాలికి ఒక్క బొచ్చుపోగు లోపలికి ఎగిరి ఉంటేనో? తలుపు కడిగింది, గడప కడిగింది, చెంగయ్యను కడిగింది. ఒకనాడు చిన్నది తుమ్మింది. తెల్లాయమ్మ దాన్ని పొట్టకు అదుముకుని, ఒళ్ళు వేడిగా ఉందా లేక తన పొట్టే వేడిగా ఉందా తెలియక, తెల్లార్లూ చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంది. పొద్దున చిన్నది ఇంకోసారి తుమ్మి, అమ్మ రొమ్ము వెతుక్కుని, మొదటిసారిగా గట్టిగా పట్టుకుంది. ముక్కు మీద తెల్లగా ఏదో ఉంది. నాకి చూసింది. సున్నం.

ఆ తరవాత వాడలో ఎవరూ మూల చేరలేదు. భల్లూకటీకా వచ్చింది. శూలపాణి ఒళ్ళు విదిలిస్తే ఈసారి ఆకాశంలో పోయే కొంగలకు కూడా పడింది. జబ్బు తమ్ముడు ఎటు పోయాడో పోయాడు. శాలువా ఎలుగుబంటిని ఏమీ చెయ్యలేదు. అది కుందేళ్ళ జబ్బు, ఎలుగుబంట్లకు రాదు. ఎలుగుబంట్లకు వచ్చే జబ్బు ఆయనకు ముందే ఉంది.

ఎండాకాలం వచ్చింది. ఒంటినిండా బొచ్చు, పైన బొచ్చు శాలువా, కింద కాలే గుండు. భల్లూకేశ్వరరావు చెమటకు వాగు ఆ ఏడు ఎండలేదంటారు. అత్తరుకు అడవిలోని తేనెటీగలన్నీ వచ్చి ఆయన చెవుల్లో కాపురం పెట్టాయి.

"పరిమళరావ్, కాసేపు తీసేస్తానయ్యా. దురదగా ఉంది."

"తియ్యండి అయ్యా, ఎవరూ చూడడం లేదు."

ముడి మీద చెయ్యి పడిందో లేదో, వాగు ఇవతల ఒక కాలు నేలను కొట్టింది. వెంటనే వాడంతా కొట్టింది. ఆ శాలువా గూళ్ళ వైపు వస్తుందేమోనని భయంతో కొట్టింది. భల్లూకేశ్వరరావు చెయ్యి తీసేసి, కళ్ళు తుడుచుకుని, నమస్కారం పెట్టాడు.

"ఒప్పుకోవడం లేదయ్యా," అన్నాడు.

చివరికి రాజుగారే స్వయంగా చూడ్డానికి వచ్చారు. తెల్లటి గూళ్ళు చూశారు, దళసరి బొచ్చు కుందేళ్ళను చూశారు, కొత్త పరుపు మీద ఒక్కసారి దొర్లి లేచారు. ఈసారి ఏనుగులు మూడు కావలసి వచ్చాయి. లేచి, గుండు మీదున్న భల్లూకేశ్వరరావు వైపు తిరిగి, "శాశ్వత అధ్యక్షుడివి!" అన్నారు. "ఆ శాలువా నీ ఒంటిమీద ఉన్నంతకాలం ఈ వాడకు ఏ లోటూ రాదని విన్నాను. ఒక్క క్షణం కూడా తియ్యకు. ఇది రాజాజ్ఞ."

భల్లూకేశ్వరరావు ముఖంలో ఆనందమూ ఏడుపూ ఎంత గట్టిగా కొట్టుకున్నాయంటే, ఏది గెలిచిందో వడ్రంగిపిట్టకు అర్థంకాక బొమ్మ సగంలో ఆపేసింది. పరిమళరావును మాత్రం ఆయన వదల్లేదు. విసనకర్ర ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ రోజుకు తెల్లాయమ్మ పిల్లలు కళ్ళు తెరిచి, గూటి ముందు గంతులు వేస్తున్నారు. గరికమ్మ కమ్మీల అవతలినుంచి వాళ్ళకు లేతపరకలు అందిస్తోంది. చిన్నది వాగు అవతల ఉన్న నల్లటి, తెల్లటి పెద్ద ఆకారాన్ని చూసి చెవులు ఎత్తింది.

"అమ్మా, ఎవరమ్మా అది? దగ్గరికెళ్ళి దండం పెట్టొస్తా."

"వద్దు నా తల్లీ," అంది తెల్లాయమ్మ. "చాలా గొప్పవారు. ఇక్కణ్ణించే పెట్టు."

నీతి: పెద్దలను గౌరవించవలెను, వీలైనంత దూరం నుంచి.